ఐదొందలు తగ్గించమన్నారు

ఇవాళ ఇది రాయకుండా పడుకుంటే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూనే నేను చేనేత చీరలు కూడా అమ్ముతాను. చిన్నది పడుకున్నాక ఫోన్ చూస్తే ఒక మెసేజ్. హైదరాబాద్ ఆవిడ. అడిగింది ముదురు నీలం సీకో చీర (పట్టు, నూలు కలిపి నేసింది), ఎర్రంచు. మొన్నటి నుంచి కొంగు ఫోటో, అంచు ఫోటో, వెనక వైపు ఫోటో అడుగుతూనే ఉన్నారు, నేను పంపుతూనే ఉన్నాను. చివరికి వచ్చిన మాట ఇది: "మీకు జాబ్ ఎలాగూ ఉంది కదండీ. ఇది సైడ్‌గా చేసుకునేదే కదా. ఒక ఐదొందలు తగ్గించండి."

బేరం ఆడితే నాకు కోపం లేదు. బట్టల దుకాణంలో నేనూ ఆడతాను. కోపం వచ్చింది ఆ ముందు మాటకు. నాకు నెలనెలా జీతం వస్తుంది కాబట్టి ఈ పనికి డబ్బు అడగకూడదా?

ఆ చీర రేటు 4,800. అందులో 4,000 దాన్ని నేసిన పుట్టపాక అన్నకు, చీర మగ్గం దిగిన రోజే ఇచ్చేశాను. కవరు, కొరియర్ కలిపి 110. అత్తమ్మకు 40. చీర మొత్తం విప్పి, ఎక్కడైనా పోగు తెగిందా, మరక ఉందా అని చూసి, మడత పెట్టి ప్యాక్ చేసేది ఆమె. మొదటి చీర నుంచి ఆ నలభై వేస్తున్నాను, ఆమె తీసుకుని చిట్టీలో కడుతుంది. ఇక నాకు మిగిలేది 650. అందులోంచి ఐదొందలు పోతే నూటయాభై. చౌటుప్పల్ నుంచి నారాయణపూర్ మీదుగా ఊరికి పోయి రావడానికి బండిలో పెట్రోలు ఊరికే పోయరు.

"తగ్గదండీ" అని ఒక్క మాట రాసి పంపాను. ఆమె చూశారు, జవాబు లేదు. పోతే పోనీ అనుకున్నాను. అయినా కోపం పోలేదు, ఎందుకంటే ఇదే మాట పోయిన నెల ఆఫీసులోనూ విన్నాను. ఇంక్రిమెంట్ల టైమ్‌లో మా సార్ లోపలికి పిలిచి, "నీకు వేరే ఆదాయం ఉంది కదమ్మా, ఈసారికి సర్దుకో" అన్నారు. నా పక్క సీటులో అదే పని చేసే అబ్బాయికి నాకంటే ఎక్కువ పెరిగింది. వ్యాపారం ఉంది కదా అని ఆఫీసులో జీతం తగ్గించి, జీతం ఉంది కదా అని వ్యాపారంలో రేటు తగ్గిస్తే నేను ఎక్కడ సంపాదించాలి? రెండు చోట్లా పని మాత్రం తగ్గదు. నెలాఖరు క్లోజింగ్ అప్పుడు రాత్రి ఎనిమిదికి కూడా కుర్చీలోంచి లేవనివ్వరు. అప్పుడు "పాపం, నీకు ఇంటి దగ్గర ఇంకో పని ఉంది కదా" అన్నవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

నేను దొంగచాటుగా చేస్తున్నది కూడా కాదు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే వ్యాపారం చేయరాదని ఉంటే, మొదలుపెట్టే ముందే అర్జీ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. ఆఫీసు వేళల్లో ఒక్క కాల్ ఎత్తను. ఆదాయపు పన్ను రిటర్ను కూడా జీతం ఒక్కటే ఉన్నప్పుడు ఐటీఆర్-1 ఫారం వేసేదాన్ని, ఇప్పుడు ఐటీఆర్-4. యూపీఐలో వచ్చిన అమ్మకం మీద కనీసం 6 శాతం లాభం చూపితే చాలు. నాకు అంతకంటే ఎక్కువే మిగులుతుంది, మిగిలినంతా చూపించాను. ఇంత పద్ధతిగా చేసేదాన్ని పట్టుకుని "సర్దుకో" అంటే మనసుకు కష్టమే.

అసలు ఈ పనికి టైమ్ ఎక్కడిదో ఎవరూ అడగరు. పొద్దున ఐదింటికి లేస్తే ఏడు వరకు నాది. అందులో ఫోటోలకే సగం పోతుంది. ట్యూబులైటు కింద తీస్తే ఈ నీలం నల్లగా కనిపిస్తుంది, ఎండలో తీస్తే పాలిపోయినట్టు కనిపిస్తుంది. మేడ మీద నులక మంచం నిలబెట్టి, ఎండ పడకముందు దాని మీద చీర వేసి తీయాలి. మొగ్గ, అంటే చీర మీది డిజైను, దాని అంచుల్లో రంగు కొంచెం పక్కకు పాకినట్టు ఉంటుందే, అది దగ్గరగా కనిపించాలి. దాన్ని చూసే తెలిసినవాళ్లు కొంటారు. వెనక వైపు కూడా చూపించాలి. నేయకముందే నూలుకు రంగు ఎక్కుతుంది కాబట్టి అసలు ఇక్కత్‌కు రెండు వైపులూ ఒకటే. ప్రింటు చీరకు వెనక వెలిసినట్టు ఉంటుంది. ఈ ముక్క ఎంతమందికి చెప్పానో.

టైమ్ అంటే నాకు అమ్మ ఆసు గుర్తొస్తుంది, నేతకు ముందు పోగు చుట్టే చట్రం. మా ఇంట్లో మగ్గం బాపుది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే బాపు నేతగాడు. అమ్మ మాత్రం వంట చేసి, గిన్నెలు తోమి, మమ్మల్ని బడికి పంపి, ఆ తర్వాత ముందు అర్రలో ఆసు ముందు కూర్చునేది. అర్ధచంద్రంలా వంపు తిరిగిన చెక్క, దాని మీద వరసగా మేకులు, ఇటు చివర ఒక్క మేకు. పోగును ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అట్లా పోయి రావాలి. నాలుగైదు గంటల పని. మధ్యలో లెక్క తప్పితే చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు ఎక్కకుండా పోగులకు ముడులు వేసేటప్పుడు, మొగ్గ కుదరదు. మేం బడి నుంచి వచ్చి ఆకలి అంటే, కళ్లు తిప్పకుండా "గీ ఒక్కటి అయిపోనియ్యి బిడ్డా" అనేది. నేను గడపలో కూర్చుని ఆ చెయ్యినే చూసేదాన్ని. గాజులు మోచేతి దాకా జరిగి, మళ్లీ మణికట్టు దగ్గరికి వచ్చేవి. రాత్రి కుడి భుజానికి జిందాతిలిస్మాత్ రాయించుకునేది నాతోనే.

సేటు చీరకు కూలి కట్టేటప్పుడు ఆ కూలి బాపు పేరు మీద వచ్చేది. అందులో ఆసుకు ఇంత, కండెలకు ఇంత అని ఎవరూ విడదీసి చెప్పలేదు. ఇంట్లో ఆడవాళ్లు ఎట్లాగూ ఉంటారు, ఎట్లాగూ చేస్తారు. హైదరాబాద్ ఆవిడ మాటలో ఆ "ఎలాగూ" వినగానే నాకు ఒళ్లు మండింది అందుకే అనుకుంటాను.

నేను డిగ్రీలో ఉండగా మా వాడకట్టులో ఆసు మిషన్ వచ్చింది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు చేసిందే. వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక మొదలుపెట్టి, ఆమె పేరే దానికి పెట్టారు. ఊళ్లో డబ్బులు అయిపోతే హైదరాబాద్‌లో పనిలో చేరి, వచ్చిన డబ్బు దాని మీదే పెట్టారు. ఎంతకూ కుదరని ఒక కదలిక 1999లో బాలానగర్‌లో పనికి పోయినచోట వేరే మిషన్‌లో కనిపించిందట. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా అమ్మ భుజానికి మాత్రం అది ఆలస్యంగానే వచ్చింది. ఇప్పటికీ దండెం మీద బట్టలు ఆరేయాలంటే ఎడమ చెయ్యే లేపుతుంది.

నిజం చెప్పాలంటే, దసరాకు ఉద్యోగం మానేస్తున్నాను అని రాద్దామనే ఇవాళ కూర్చున్నాను. మా ఆయనకు కూడా చెప్పాను, "నీ ఇష్టం" అన్నాడు. ఆ సార్ ముఖం చూడక్కర్లేదు, పొద్దంతా నాదే, ఇంకో రెండు మగ్గాలకు పని ఇవ్వొచ్చు అని.

మల్లేశం గారి సంగతి రాస్తుంటే ఆ ఆలోచన అక్కడే ఆగింది. ఆయన చేతిలో కూలి డబ్బులు లేకుంటే ఆ మిషన్ ఎట్లా ముందుకు పోయేది? నేను పుట్టపాక అన్నకు చీర దిగిన రోజే నాలుగు వేలు ఇస్తున్నానంటే, అమ్ముడుపోయిందా లేదా అని చూడకుండా ఇస్తున్నాను. అది జీతం డబ్బు. ఉద్యోగం మానితే మొదటి మూడు నెలలు ఫరవాలేదు, నాలుగో నెల నుంచి "అన్నా, చీర అమ్మినాక ఇస్త" అనాలి. బాపు సేటు ఇంటి అరుగు మీద కూర్చుని ఎదురుచూసింది అట్లాంటి మాట కోసమే. నా దగ్గర చీర ఉండిపోతే నేనే ఫోన్ చేసి "ఒక ఐదొందలు తగ్గించు" అని అన్నను అడిగే రోజు వస్తుంది. ఆ పని నేను చేయను.

కాబట్టి మానడం లేదు. ఇంక్రిమెంట్ సంగతి మాత్రం వదలను. పక్క సీటుకు, నా సీటుకు పని వివరాలు పక్కపక్కన వేసి ఈ వారమే మెయిల్ పెడతాను. నా వ్యాపారానికీ ఆఫీసులో నేను చేసే పనికీ సంబంధం లేదని అందులో మర్యాదగానే రాస్తాను.

చెప్పడం మరిచాను, సాయంత్రం అన్న ఫోటో పంపాడు. ఎరుపు, నలుపు, తెలుపు తేలియా (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్), మగ్గం మీదే ఉంది, సగం అయింది. చాలా బాగుంది.

ఆయన మగ్గానికి కొత్త పడుగు (నిలువు పోగులు) అతికేది వచ్చే వారం. ఏడెనిమిది చీరలకు నూలు కావాలి, బయానా అడిగాడు. ఒకటో తారీఖున జీతం పడుతుంది, ఆ పొద్దునే పంపిస్తానని చెప్పాను.