బాలింత గది ముందు నాలుగు గంటలు

అస్సాంలోని తేజ్‌పూర్‌లో సుమో డ్రైవర్ చెప్పిన రేటుకు మా విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా ఏసీ బస్సులో వెళ్లొచ్చు. ఇక్కడేమో నలుగురు ఇరుక్కున్న సీటు, నా ఒళ్లో ఎవరిదో కోళ్ల బుట్ట. అరుణాచల్ ప్రదేశ్‌లోని సెయిజోసాలో దిగేసరికి హార్న్‌బిల్ పక్షిని చూస్తానన్న ఆశ సగం చచ్చింది.

మర్నాడు తెల్లవారకముందే అక్కడి నిషీ తెగకు చెందిన గైడు నన్ను పాపుమ్ రిజర్వ్ ఫారెస్ట్‌లోకి తీసుకెళ్లి ఓ మాను ఎదురుగా కూర్చోబెట్టాడు. తాడిచెట్టుకు రెండింతలుంటుంది. పైన ఎక్కడో ఒక తొర్ర, దానికి సన్నటి చీలిక. "భయ్యా, ఇంకెంతసేపు?" అని మూడోసారి అడిగాక నోటి మీద వేలు పెట్టాడు.

లోపల ఆడ హార్న్‌బిల్ ఉందట. గుడ్లు పెట్టే ముందు తనే తొర్రలో దూరి, తన రెట్టతో వాకిలి మూసేసుకుంటుంది. ఇక మూడు నాలుగు నెలలు ఆ చీలికలోంచి మగపక్షి అందించిందే తిండి. మా అమ్మమ్మ ఇంట్లో బాలింత గది గుర్తొచ్చింది. తలుపు ఓరగా తెరిచి పథ్యం కంచం లోపలికి తోసేవాళ్లు. తోసేది అమ్మమ్మేలెండి, మా తాతయ్య అటు తొంగి కూడా చూసేవాడు కాదు.

నాలుగో గంటలో పైనుంచి ఆవిరి రైలు వస్తున్నట్టు రెక్కల చప్పుడు. పసుపు ముక్కు, దాని మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు. మగపక్షి చీలిక దగ్గర వాలి, గొంతులోంచి మర్రిజాతి పళ్లు ఒక్కొక్కటే పైకి తెచ్చి అందించింది. ఇరవై ఒకటి దాకా లెక్కపెట్టాను.

"ఒకప్పుడు నేనూ వీటిని కొట్టినవాణ్ణే" అన్నాడు గైడు, అది ఎగిరిపోయాక. మగదాన్ని కొడితే లోపలున్న తల్లీపిల్లల పని కూడా అయిపోయినట్టే. వీటికి తొర్ర తొలుచుకోవడం రాదు, ముసలి మాను కొట్టేస్తే గూడే లేదు. 2011లో మొదలైన గూళ్ల దత్తత పథకంలో దాతల డబ్బుతో ఊరివాళ్లకే కాపలా జీతం ఇస్తున్నారు, అందులో ఇతనొకడు. నిషీల వెదురు టోపీ మీద హార్న్‌బిల్ ముక్కు పెట్టుకోవడం ఆనవాయితీ. "మా నాన్న టోపీకి అసలుది, నా టోపీకి ఫైబర్‌ది. బరువు తక్కువ" అని నవ్వాడు.

నోట్‌బుక్‌లో టైము రాసుకుని లేచాడు. ఇంకో గూడు ఉందట, గంట నడక. షూ విప్పి చూస్తే సాక్సులో మూడు జలగలు.