తీరం వెంట, తొందర లేకుండా
చెన్నై నుంచి పుదుచ్చేరికి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద దాదాపు 150 కిలోమీటర్లు. మూడు గంటల ప్రయాణానికి ఈసారి రోజంతా కేటాయించాం. నడుము నొప్పితో బాధపడుతున్న అమ్మ కోసమే ఈ ఏర్పాటు: తరచూ ఆగడం, కాసేపు నడవడం, దారిలో తినడానికి ఇంటి ఇడ్లీలు, మజ్జిగ.

ముట్టుకాడు ఉప్పుటేరు దాటి, ఎండ ముదరకముందే మహాబలిపురం చేరాం. 8వ శతాబ్దపు పల్లవుల తీర దేవాలయంలో ఉప్పుగాలికి అరిగిన సింహాల ముఖాలను అమ్మ ఎంతసేపు చూసిందో! మరక్కాణం ఉప్పుమడుల దగ్గర తనే కారు ఆపమంది. తెల్లటి కుప్పల పక్కన, గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా నడిచింది. నడుము మాటే ఎత్తలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ పట్టణంలోని ధ్యానమందిరం, మాతృమందిరం లోపల ధ్యానానికి ముందే అనుమతి తీసుకోవాలి, వెళ్లేవారు మరిచిపోకండి. అమ్మ అప్పుడే రామేశ్వరం ఎప్పుడని అడుగుతోంది.