రాయప్ప, రాజప్ప, పీటర్: మా తమ్ముడి ఫైలు

ప్రొద్దుటూరులో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పాన్ కార్డులు, స్కాలర్‌షిప్పులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు అన్నీ చేస్తాం. పదేళ్లుగా ఊళ్లోవాళ్ల పేర్లలో తప్పులు సరిచేయించేది నేనే. మా ఇంట్లోనే ఒకడికి మూడు పేర్లున్నాయని మాత్రం పోయిన ఏడాది దాకా చూసుకోలేదు.

తమ్ముడు బీకాం అయిపోగానే ఫాదర్, అంటే క్యాథలిక్ గురువు, అవుతానన్నాడు. అది మాకు కొత్త మాట కాదు. కొత్తదల్లా, కడప పీఠానికి, అంటే మా పక్క గుళ్లను చూసే బిషప్ గారి కిందికి, కాకుండా పిమేలో చేరతాననడం. పిమే అంటే విదేశాల్లో సేవకు గురువులను తయారుచేసే సంస్థ. 1850లో ఇటలీలో, మిలాను దగ్గర, ఆంజెలో రామజోట్టి అనే ఆయన మొదలుపెట్టారు. 1926లో పదకొండో పయస్ పోపు గారు దాన్ని రోములో ఉన్న ఇలాంటి గురువిద్యాలయంతోనే కలిపారు.

పీఠం ఫాదర్ అయితే మేత్రాణులు, అదే బిషప్ గారు, ఎక్కడికి వేసినా బస్సెక్కి పోయి చూసి రావచ్చు. వీళ్ల లెక్క వేరు. సొంత దేశం వదలాలి, క్రీస్తు పేరు పెద్దగా తెలియని జనం మధ్యకు పోవాలి, అదీ బతికినంత కాలం. బంగ్లాదేశా, కంబోడియానా, గినీ బిస్సావా అనేది మనం కోరుకునేది కాదు, వాళ్లు చెప్పేది.

మా అమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు, సీఎస్‌ఐ అనే ప్రొటెస్టెంట్ సంఘం వాళ్లు. వాళ్ల పాస్టర్లకు పెళ్లిళ్లుంటాయి, పిల్లలుంటారు. "పెండ్లి లేకపాయె, ఊరూ లేకపాయె. ఇంగేం మిగిల్చినార్రా నీకు?" అని అడిగింది. వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు అమ్మ అన్నం తినలేదు.

జేజి (నాయనమ్మ) మాత్రం ఈ పిమే వాళ్లెవరని అడిగింది. మా పక్క పనిచేసింది మిల్‌హిల్ అనే వేరే సంస్థ ఫాదర్లు. 1976లో కడప పీఠం ఏర్పడే దాకా మేము నెల్లూరు పీఠం కిందే ఉండేవాళ్లం. పిమే వాళ్లు 1855లోనే హైదరాబాదు వైపు వచ్చినా జేజికి వాళ్ల ఊసు తెలీదు. "1924లో గుణదలలో మాత స్వరూపం పెట్టించిన ఆర్లాటి ఫాదర్ వీళ్ల మనిషే జేజీ" అని వాడన్నాక ఆమె ఇంక మాట్లాడలేదు. మా ఇంట్లో గుణదల పేరెత్తితే వాదన ఉండదు.

గురువు కావాలనుకునేవాళ్లకు పెట్టే 'కమ్ అండ్ సీ' క్యాంపుకు తమ్ముడు పోయొచ్చిన నెలకు ఒక ఫాదర్ మా ఇంటికి వచ్చారు. రాగిసంగటి పెట్టమని ఆయనే అడిగారు. తింటూనే అన్నీ కనుక్కున్నారు: అప్పులున్నాయా, ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బులా, పిల్లోనికి కోపమెట్లా అని. చివరికి నాయనను సూటిగా అడిగారు, "ఒక్కడే కొడుకు గదా, రేపు మిమ్మల్ని ఎవరు చూస్తారు?" నాయన కూతురినైన నా వైపు చూశాడు. నేను నీళ్ల చెంబు తెచ్చేదానికి లోపలికి పోయినా.

తర్వాత కాగితాలు. జ్ఞానస్నానం (బాప్తిస్మం), భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) సర్టిఫికెట్లు, అమ్మానాయనల గుడి పెళ్లి సర్టిఫికెట్, మార్కుల లిస్టులు, మెడికల్ రిపోర్టులు, విచారణ గురువు, అంటే మా గుడి ఫాదర్, సీలు వేసి ఇచ్చే ఉత్తరం, తల్లిదండ్రుల అంగీకార పత్రం, పాస్‌పోర్టు. ఇది నా పనే కాబట్టి వారంలో తేలుస్తానన్నాను. నాలుగున్నర నెలలు పట్టింది.

జ్ఞానస్నానం సర్టిఫికెట్ నా దగ్గర లామినేషన్ చేసి మరీ ఉంది. అది పనికిరాదు, ఆరు నెలల లోపు తీసింది కావాలన్నారు. జ్ఞానస్నానం ఒకసారే కదా, మళ్లీ కొత్తదెందుకని విసుక్కుంటూ గుడికి పోతే, మా ఫాదర్ గారు రిజిస్టర్ తెరిచి చూపించారు. ఒక్కొక్కరి పేరు పక్కన ఖాళీ జాగా ఉంటుంది. భద్రమైన అభ్యంగనం, పెళ్లి, గురుపట్టాభిషేకం, సన్యాసినులు జీవితాంతానికి ఇచ్చే మాటపట్టు, ఎక్కడ జరిగినా కబురు ఇక్కడికి వస్తుంది, ఇక్కడ రాస్తారు. కొత్తగా తీస్తేనే ఆ మనిషి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడో తెలుస్తుంది. నా పేరు పక్కన నా పెళ్లి రాసుంది. పెళ్లి జరిగింది ఆళ్లగడ్డలో! మా ఆధార్ సర్వర్ కంటే ఇదే నయమనిపించింది.

తమ్ముడి పేరు చూస్తే అక్కడ పీటర్ అని ఉంది. టెన్త్ మెమోలో రాయప్ప. ఆధార్‌లో రాజప్ప. మా పాత క్యాథలిక్ ఇళ్లల్లో పీటర్‌నే రాయప్ప అంటాం, పౌలును చిన్నప్ప అంటాం. కాబట్టి మొదటి రెండూ ఒకటే. రిజిస్టర్‌లో దిద్దడం కుదరదని, ఇద్దరూ ఒకరేనని ఫాదర్ గారు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి ముద్ర వేశారు. సంస్థ వాళ్లకు అది చాలింది.

రాజప్పే చావగొట్టాడు. ఆధార్‌లో పేరు రెండుసార్లకు మించి మార్చుకోనివ్వరు. ఒకసారి ఇంటర్‌లో ఇంటిపేరు కోసం మార్చేశాం. ఆ అప్లికేషన్ నింపింది నేనే, పక్కనున్న తప్పు చూసుకోలేదు. ఈసారి నింపి, నాలుగుసార్లు చదివి, మా ఆయనతో ఇంకోసారి చదివించి పంపినా. సరై వచ్చిందాకా నాకు నిద్ర లేదు.

కడప పోస్టాఫీసులోని పాస్‌పోర్టు కేంద్రంలో పని గంటలో అయిపోయింది, ఫీజు 1500. వెరిఫికేషన్‌కు వచ్చిన కానిస్టేబుల్ "ఫారిన్‌లో ఏం జాబు?" అన్నాడు. తమ్ముడు "ఫాదర్ జాబు సార్" అన్నాడు.

మిగిలింది అంగీకార పత్రం. నాయన వెంటనే సంతకం పెట్టాడు. అమ్మ పదకొండు రోజులు టీవీ మీదనే ఉంచింది. పన్నెండో రోజు మధ్యాహ్నం షాపుకొచ్చి, ఆ దేశాలన్నీ కనపడేటట్టు మ్యాపు తీసివ్వమంది. ఏ3 కాగితం మీద కలర్ ప్రింటు ఇచ్చినా. పాపువా న్యూగినీ యాడుందో వేలు పెట్టి చూపించమంది. చూసి, "సముద్రమే గదా అంతా" అని, నా పెన్ను తీసుకొని కౌంటర్ మీదనే సంతకం పెట్టింది.

తమ్ముడు జూన్‌లో పోయినాడు. ముందు ఇక్కడే మన దేశంలో చదువు, ఆ తర్వాత ఇటలీలోని మోంజాలో వాళ్ల గురువిద్యాలయానికి పంపొచ్చు. హెపటైటిస్ బీ టీకా రెండు డోసులే వేయించుకుని పోయినాడు, మూడోది నవంబరులో పడాలి. అక్కడే వేయిస్తామన్నారు. ఆ స్లిప్పు ఫోటో మాత్రం నాకు పంపమన్నా, ఫైలులో పెట్టాలి.