ముందు రాసిందీ చెల్లలేదు, తర్వాత పంపిందీ చెల్లలేదు

అమెరికాలో నాది చిన్న దిగుమతి వ్యాపారం. 2022లో ఏటికొప్పాక లక్క బొమ్మలు రెండు లాట్లు తెప్పించాను, ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి. అప్పట్లో అమెరికా టారిఫ్‌లో ఆటబొమ్మలకు సుంకం ఉండేది కాదు. చెక్క అలంకరణ వస్తువులకైతే 3.2 శాతం ఉండేది. మేం ఆటబొమ్మలుగానే డిక్లేర్ చేశాం.

కొన్ని నెలలకు వివరాలు అడుగుతూ కస్టమ్స్ నుంచి ఫారం 28 వచ్చింది. పంపాను. తర్వాత ఫారం 29 వచ్చింది: ఇవన్నీ అలంకరణ వస్తువులే, సుంకం పడుతుంది, అభ్యంతరం ఉంటే 20 రోజుల్లో చెప్పండి అని. ఒళ్లు మండి మూడు పేజీల ఉత్తరం రాశాను. బొంగరానికి తాడు చుట్టి మా అబ్బాయి విసురుతున్న ఫోటో కూడా జత చేశాను. షోకేసులో పెట్టుకునే వస్తువుకు తాడెందుకండీ అని అడిగాను. నా ప్రొటెస్ట్, అంటే సుంకం మీద అధికారికంగా తెలిపే అభ్యంతరం, నేను చెప్పేశానని నిశ్చింతగా ఉన్నాను.

మొదటి లాటు 2023 ఫిబ్రవరి 10న లిక్విడేట్ అయింది. లిక్విడేషన్ అంటే దివాలా కాదు, కస్టమ్స్ వాళ్లు సుంకం లెక్క ఖరారు చేయడం. సరుకు ఎంట్రీ పడిన 314 రోజులకు జరగడం మామూలు, నాదీ సరిగ్గా అలాగే జరిగింది. బిల్లు మాత్రం ఫిబ్రవరి 24న చేతికొచ్చింది: 1,472 డాలర్లు. కట్టేశాను. కట్టినంత మాత్రాన ప్రొటెస్ట్ చేసే హక్కు పోదు, అది నాకు తెలుసు. తెలియని సంగతులు వేరే ఉన్నాయి.

జులై చివర్లో, ఎప్పటి నుంచో గ్రానైట్ దిగుమతి చేస్తున్న ఒకాయనతో మాటల్లో ఈ విషయం వచ్చింది. "ఆ ఉత్తరం లెక్కలోకి రాదు తమ్ముడూ. లిక్విడేషన్ అయ్యాకే ప్రొటెస్ట్. ముందు రాసింది వట్టి ఉత్తరమే" అన్నారు. నిజమే, చట్టంలోనే ఉంది: లిక్విడేషన్ తేదీ తర్వాత 180 రోజుల్లోపు, అంతేగానీ ఆ తేదీకి ముందు కాదు. ఒకప్పుడు 90 రోజులే ఉండేదట, 2004లో మార్చారు.

బిల్లు వచ్చిన రోజు నుంచి లెక్కేశాను, ఆగస్టు 23 వచ్చింది. బోలెడు టైముంది కదా అని ప్రొటెస్ట్‌కు వాడే ఫారం 19 తీరిగ్గా నింపి ఆగస్టు 11న పోస్ట్ చేశాను. 15న చేరింది. గడువు దాటిందని తిరస్కరించారు.

మళ్లీ లెక్కపెడితే తెలిసింది. గడువు బిల్లు తేదీ నుంచి కాదు, కస్టమ్స్ వెబ్‌సైట్‌లో లిక్విడేషన్ నోటీసు పెట్టిన తేదీ నుంచి. అంటే ఆగస్టు 9తోనే అయిపోయింది. 2017 నుంచి ఆ నోటీసు ఆన్‌లైన్‌లోనే పెడుతున్నారు, మనకు చేరిందా లేదా అన్నది వాళ్లకు పట్టదు. పైగా ప్రొటెస్ట్ వాళ్లకు అందిన రోజే లెక్క, మనం పోస్ట్ చేసిన రోజు కాదు. ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు కూడా లేదు. గడువు దాటితే ఆ సుంకం ఖాయమే, కోర్టుకెళ్లినా వినరు.

రెండో లాటు మార్చి 31న లిక్విడేట్ అయింది. దాని గడువు సెప్టెంబర్ 27. ఈసారి కస్టమ్స్ బ్రోకర్ చేత ఆగస్టు నెలాఖరులోనే ఆన్‌లైన్‌లో వేయించి, అందినట్టు వచ్చిన కాగితం చూశాకే ఊపిరి పీల్చుకున్నాను. "ఇవి బొమ్మలే" అని గంపగుత్తగా రాయకుండా ఒక్కో వస్తువుకూ విడిగా కారణం రాశాం: బొంగరం, లాగుడు బండి, గిలక్కాయ, దేవుడి బొమ్మలు.

జవాబివ్వడానికి వాళ్లకు రెండేళ్ల గడువుంది. నాకు జవాబు తొమ్మిది నెలలకు వచ్చింది. బొంగరాలు, బండ్లు, గిలక్కాయలు ఆటబొమ్మలేనని ఒప్పుకున్నారు. వాటి సుంకం వడ్డీతో సహా వెనక్కొచ్చింది. దేవుడి బొమ్మలు అలంకరణ వస్తువులేనన్నారు. నిజం చెప్పాలంటే అందులో వాళ్లదే న్యాయం, వాటితో ఎవరూ ఆడుకోరు. దాని మీద న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య కోర్టుకు వెళ్లడానికి మరో 180 రోజులు ఉండేవి. లాయరు ఫీజు అడిగి ఫోన్ పెట్టేశాను.

మొదటి లాటులోనూ అవే బొంగరాలు. వాటికి కట్టింది కట్టినట్టే పోయింది.