పచ్చడి సీసా మీద తేదీ నిలవాలంటే

మా ఇంట్లో నడిచే పచ్చళ్ల వ్యాపారంలో లేబుళ్లు ముద్రించే పని నాది. రెండేళ్ల క్రితం వేసవిలో ఆవకాయ సీసాలు పంపిన నెలకు ఒక దుకాణదారు ఫోన్ చేసి, ప్యాకింగ్ తేదీ, బ్యాచ్ నంబరు కనిపించడం లేదని, ఆ సరుకు తాను అమ్మలేనని చెప్పారు. తిరిగి వచ్చిన సీసాలను చూస్తే, మూత దగ్గర ఊరిన నూనె లేబుల్ మీదికి దిగిన చోటల్లా అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. ఆహార పదార్థాల లేబుల్ మీది వివరాలు స్పష్టంగా, చెరిగిపోకుండా ఉండాలని 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధనలు చెబుతున్నాయి కనుక దుకాణదారు మాటలో తప్పేమీ లేదు.

నేను అప్పట్లో వాడినది డైరెక్ట్ థర్మల్ పద్ధతి. ఇందులో సిరా ఉండదు, రిబ్బన్ ఉండదు. కాగితం మీద పూసిన పొరలోనే రంగులేని రంజకమూ, దానికి రంగు తెప్పించే ఆమ్ల గుణం గల మరో రసాయనమూ పక్కపక్కనే ఉంటాయి. ప్రింట్ హెడ్ (ప్రింటర్‌లో వేడెక్కి ముద్ర వేసే భాగం) వేడికి అవి కరిగి కలిసినప్పుడు ఆ చోటు నల్లబడుతుంది. గోటితో గట్టిగా గీస్తే నల్లటి గీత పడే కాగితం ఇదే. ఆ కలయిక శాశ్వతం కాదు. నూనె, స్పిరిట్, మెత్తటి ప్లాస్టిక్ కవర్లలోని రసాయనాలు దాన్ని విడదీస్తాయి, ఎండ వెలిసిపోయేలా చేస్తుంది, అధిక వేడి తగిలితే కాగితమంతా నల్లబడుతుంది. నూనెతోనే నిలవ ఉండే పచ్చడికి ఈ కాగితం అంటించడం నా ఎంపికలోని లోపం.

దీనికి బదులు వాడే రెండో పద్ధతి థర్మల్ ట్రాన్స్‌ఫర్. ఇందులో వేడి పడేది రిబ్బన్ మీద. సన్నని పాలిస్టర్ పొరకు పూసిన సిరా కరిగి లేబుల్ మీదికి దిగుతుంది. అసలు ఎంపిక ఇక్కడినుంచే మొదలవుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది, ఎందుకంటే రిబ్బన్లలో వ్యాక్స్ (మైనపు సిరా), రెజిన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి సిరా), రెండూ కలిసిన వ్యాక్స్-రెజిన్ అని మూడు రకాలున్నాయి, లేబుల్‌కు తగినది కాకపోతే ఏదీ నిలవదు. మొదట చవకని వ్యాక్స్ రిబ్బన్, క్రోమో కాగితం (నునుపైన పూత ఉన్న కాగితం) తెచ్చాను. ముద్ర చక్కగా వచ్చింది కానీ, నువ్వులనూనె రాసి ఒక రాత్రి ఉంచి గుడ్డతో తుడిస్తే అక్షరాలు అలుక్కుపోయాయి, కాగితం కూడా నూనె పీల్చుకుంది. తెల్లటి పాలిప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) స్టిక్కర్ మీద వ్యాక్స్-రెజిన్ రిబ్బన్‌తో ముద్రించినవి అదే పరీక్షకు నిలిచాయి. రెజిన్ ఇంకా గట్టిదే, అయితే దానికి ఎక్కువ వేడి, తక్కువ వేగం కావాలి, మామూలు కాగితం మీద అది సరిగా పట్టదు. రసాయనాల డబ్బాలకు అది అవసరం, పచ్చడికి అక్కర్లేదని నా అభిప్రాయం.

రిబ్బన్ ఖర్చు అదనమే. కానీ రిబ్బన్ వెనుక పూత హెడ్‌కు రక్షణగా ఉంటుంది, డైరెక్ట్ థర్మల్‌లో కాగితం నేరుగా హెడ్‌ను రాసుకుంటూ పోతుంది కనుక హెడ్ త్వరగా అరుగుతుంది. రిబ్బన్ లేబుల్ కంటే కొంచెం వెడల్పుగా ఉండాలన్నది కూడా హెడ్ అంచులను కాపాడడానికే.

మరొక మాట. మామూలు ప్రింటర్‌లో మిల్లీమీటరుకు 8 చుక్కలు, అంటే 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) ఉంటుంది. అంకెలకూ బార్‌కోడ్‌కూ అది చాలు. పదార్థాల పేర్లను చిన్న తెలుగు అక్షరాలలో వేసినప్పుడు మాత్రం వత్తులు ముద్దగా కలిసిపోయాయి, అందుకే నేను 300 డీపీఐ యంత్రానికి మారాను.

కొరియర్ పెట్టెల మీద అంటించే చిరునామాలకు ఇప్పటికీ డైరెక్ట్ థర్మలే వాడుతున్నాను. వారంలో చేరిపోయే పెట్టెకు రిబ్బన్ ఖర్చు పెట్టడం వృథా. రిబ్బన్ తీసేసి కాగితం మార్చి, సెట్టింగ్ మారిస్తే అదే యంత్రం ఈ పనీ చేస్తుంది. రిబ్బన్‌తో చిరునామాలు వేసేవారు వాడేసిన చుట్టలను కత్తిరించి పారేయాలి, ఎందుకంటే సిరా పోయిన చోట ప్రతి పేరూ, ఫోన్ నంబరూ చదవగలిగేలా మిగిలే ఉంటాయి.

రిబ్బన్ కొనేటప్పుడు సిరా వైపు చుట్టకు బయట ఉండాలో లోపల ఉండాలో మీ యంత్రం పుస్తకంలో చూసుకోండి. అనుమానమైతే చుట్ట పైవైపు సెల్లోటేప్ అంటించి లాగండి, నలుపు అంటితే సిరా బయట ఉన్నట్టు.