చెప్పులు బయట విప్పి వెళ్లిన గది

1998 వేసవి, కందుకూరు. అప్పుడది ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు, మా ఇల్లు మాత్రం అక్కడే ఉంది లెండి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా కంప్యూటర్ పెట్టారు, దాన్ని చూడాలంటే చెప్పులు బయట విప్పాలి, కాళ్లు తుడుచుకోవాలి, గుళ్లోకి కూడా నేను అంత భక్తిగా వెళ్లలేదు. ఊరంతా ఎండకి మాడిపోతుంటే ఆ ఒక్క గదిలో ఏసీ, అదీ మన కోసం కాదు, దాని కోసం.

నేర్పింది జీడబ్ల్యూ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష. ప్రతి లైను ముందూ నంబరు, 10, 20, 30 అని. మధ్యలో ఏదైనా మర్చిపోతే 15 అని ఇరికించుకోవచ్చట. ఎవరో నాలాంటి మతిమరుపు వాడే కనిపెట్టుంటాడు అనుకున్నా. 10లో నా పేరు ప్రింట్ చెయ్యమని, 20లో మళ్లీ 10కి పొమ్మని రాసి రన్ కొట్టాను. నల్లటి తెర మీద నా పేరు కిందనుంచి పైకి ఒకటే పరుగు. ఆగదే! చెడగొట్టేశానని టెన్షన్, చేతులు చల్లబడ్డాయి, నాన్న కట్టిన ఫీజు గుర్తొచ్చింది. సార్ తాపీగా వచ్చి "కంట్రోల్ పట్టుకుని బ్రేక్ నొక్కు అబ్బయ్యా" అన్నారు. ఆగింది.

ఆయన అటు తిరగ్గానే మళ్లీ రన్ కొట్టా.