ఆమె వచ్చింది, ఆవు వచ్చింది: ద్రావిడుల పుట్టుక గురించి మన క్రియ చెప్పేది

తడ, సూళ్లూరుపేట వైపు ఒకే సంతలో తెలుగూ తమిళమూ వినిపిస్తాయి. తెలుగు తమిళంలోంచి పుట్టిందని నెల్లూరులో చాలామంది నమ్మడం అందుకే. కానీ పొరుగు వేరు, చుట్టరికం వేరు. ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) ద్రావిడ భాషల కుటుంబంలో తెలుగును గోండి, కొండ, కూయి, కువి భాషలతో కలిపి ఒక కొమ్మగా చూపించారు. తమిళం, మలయాళం, కన్నడం పక్క కొమ్మ.

రుజువు మన నోట్లోనే ఉంది. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది'. రెంటికీ ఒకే క్రియ. గోండిలోనూ ఆడమనిషికీ వస్తువుకీ ఒకే సర్వనామం. తమిళంలో 'అవళ్ వందాళ్', 'పసు వందదు' అని విడిపోతాయి. మన పద్ధతే పాతది. 'అవళ్' ఆ కొమ్మ వేరుపడ్డాక కల్పించుకున్న రూపం. ఇంకో గుర్తు, మాట మొదట్లోని అచ్చు జరిగిపోవడం: తమిళంలో ఉరల్, ఉళ్, అవన్, మనకు రోలు, లో, వాడు.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 'చెవి' మనకూ తమిళానికీ ఒకటే, కన్నడంలో 'కివి'. దీన్నిబట్టి తెలుగు, తమిళం ఒక కొమ్మ అనేస్తే 'చెయ్యి' దగ్గర దొరికిపోతాం. తమిళంలో అది 'కై'. క చ అయిన మార్పు రెండుచోట్లా వేర్వేరుగా నడిచింది. ఒక్క మాట పోలికతో ఏదీ తేలదు. అదే మార్పు వరసగా పది మాటల్లో కనిపించాలి.

ఊరిపేర్లతో వలస కథలు అల్లడం మరీ ప్రమాదం. ఇరాక్‌లోని ప్రాచీన నిప్పూరు మన 'ఊరు' అనేవాళ్లున్నారు. సుమేరు భాషలో దాని పేరు నిబ్రు. అందులో ఊరే లేదు. నెల్లూరుకే నెల్లి చెట్టు అనీ, వడ్లనే 'నెల్లు' అనీ రెండు వ్యుత్పత్తులు చెబుతుంటే అంత దూరపు పేరును ఎలా నమ్మేది?

బలూచిస్తాన్‌లో మాట్లాడే ద్రావిడ భాష బ్రాహుయీని చూపించి ద్రావిడులు వాయవ్యం నుంచి వచ్చారంటారు. అందులోని ఇరానీ అరువు మాటలు ఎక్కువగా బలూచీవే, చాలా పాత పొర కనబడదు. కాబట్టి ఆ భాష అక్కడికి సుమారు వెయ్యేళ్ల కిందట చేరిందన్న వాదం నాకు బలంగా తోస్తుంది. పైగా రక్తంలో బ్రాహుయీలు పొరుగు బలూచీలకు దగ్గర. జన్యువు చూసి భాష చెప్పకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. హరియాణాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీలో దొరికిన ఒక స్త్రీ అస్థికల జన్యుఫలితం 2019లో వెలువడింది, అది కూడా ఆమె ఏ భాష మాట్లాడిందో చెప్పదు.

కాలం సంగతికొస్తే, 2018లో పరిశోధకులు 20 ద్రావిడ భాషల్లో వందేసి మాటలు లెక్కగట్టి ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లన్నారు. అటూఇటూ 3,000 నుంచి 6,500 దాకా. దక్కనులో పాతకాలపు పశుపోషకులు పేడ కాల్చగా మిగిలిన బూడిద దిబ్బల కాలం దీనికి కలుస్తుంది. ఆ పశుపోషకులు పండించిన పంటల్లో పెసలున్నాయి: పెసర, కన్నడ హెసరు, తమిళ పయఱు ఒకే మూలం.

మన జిల్లాల్లో ఎరుకల భాష తమిళానికి దగ్గర. పెద్దల దగ్గర మాటలు రాసుకోవాలంటే ముందు అవయవాలు, సర్వనామాలు, ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు అడగండి. సరుకుల పేర్లు సంతలోనే మారిపోతాయి. ల-ళ తేడా, పొడుగు అచ్చు విన్నది విన్నట్టే రాయండి. తెలుగు మాటలా దిద్దితే ఆ పట్టిక పనికిరాదు.